బెక్లీ బొగ్గు బాయి: అమ్మతో ఒక శనివారం

వెస్ట్ వర్జీనియాలో బెక్లీ అనే ఊళ్లో జనం చూడటానికి తెరిచి పెట్టిన బొగ్గు గని ఒకటుంది. పేరు బెక్లీ ఎగ్జిబిషన్ కోల్ మైన్. మొన్న మే నెలలో ఒక శనివారం మా అమ్మని అక్కడికి తీసుకెళ్లాను. ఆవిడకి 68 ఏళ్లు. అందులో 31 ఏళ్లు బొగ్గు బాయి కార్మికుడి భార్యగా గడిపింది. అయినా బాయి లోపల ఎలా ఉంటుందో అప్పటిదాకా ఆవిడ చూడలేదు.

చూడకపోవడంలో వింతేమీ లేదు. మన దేశంలో 1952 నాటి గనుల చట్టం ఆడవాళ్లు భూమి లోపలికి దిగి పనిచేయడాన్ని పూర్తిగా నిషేధించింది. కొన్ని రకాల ఉద్యోగాలకి 2019లో గానీ ఆ నిబంధన సడలించలేదు. తెలంగాణలో సింగరేణి బొగ్గు గనుల ఊరు మా ఇల్లందులో ఏ ఇంటి ఆడవాళ్లని అడిగినా బాయి గేటు తెలుసు, సైరన్ తెలుసు, జీతాల రోజు తెలుసు. గేటు దాటాక ఏముందో మాత్రం తెలీదు. మగవాళ్లు ఇంటికొచ్చి చెప్పేవాళ్లూ కాదు. నాన్నని చిన్నప్పుడు నేను ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు: "ఏముంటది, బొగ్గే."

నాన్న పోయి ఏడాదిన్నర అయింది. రిటైరై చాలా ఏళ్లయ్యాక, దసరాకి పది రోజుల ముందు, నిద్రలోనే పోయాడు. నేను ఇక్కడ షార్లెట్ నుంచి బయల్దేరి మూడో రోజుకి చేరాను. అప్పటికి అంతా అయిపోయింది. తమ్ముడు చేయాల్సినవన్నీ చేశాడు. ఆ మూడు రోజుల గురించి మేం ముగ్గురం ఇప్పటిదాకా సరిగ్గా మాట్లాడుకోలేదు. ఈ ఫిబ్రవరిలో అమ్మని ఇక్కడికి తెచ్చుకున్నాను. వచ్చిన రోజు నుంచి తెల్లవారుజామున నాలుగున్నరకి లేస్తుంది. మొదటి షిఫ్ట్‌కి మనిషిని పంపే అలవాటు. లేచి గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెడుతుంది. నీళ్లు కాగుతుండగా ఆపేస్తుంది. మళ్లీ వచ్చి పడుకోదు.

చుట్టాలు, స్నేహితులు తలా ఒక సలహా ఇచ్చారు. నయాగరా చూపించాం. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్లాం. రెండు చోట్లా ఫొటోల్లో నిలబడింది, తర్వాత "ఇంటికెప్పుడు పోదాం" అనడిగింది. ఇల్లంటే ఏ ఇల్లో మేమూ అడగలేదు. బెక్లీ సంగతి మా పదకొండేళ్లవాడు కనిపెట్టాడు. బడిలో రాళ్ల గురించి ఏదో ప్రాజెక్టు చేస్తూ, "అమ్మా, తాత పనిచేసినలాంటి గని మనకి మూడు గంటల దూరంలోనే ఉంది" అన్నాడు. మా ఆయన వద్దన్నాడు. పుండు కెలికినట్టవుతుందని భయం. నాకూ ఉంది. అమ్మనే అడిగాం. "బాయి సూపెడ్తరా?" అంది, అంతే. మర్నాడు పొద్దున మేం లేచేసరికి పులిహోర కలిపి ఉంది.

షార్లెట్ నుంచి ఐ-77 మీద ఉత్తరంగా వెళ్లడమే. దారిలో కొండల కింద రెండు సొరంగాలు తగులుతాయి. రెండోది ఈస్ట్ రివర్ మౌంటెన్ సొరంగం, మైలు పైనే ఉంటుంది. అందులోకి వర్జీనియాలో దూరి వెస్ట్ వర్జీనియాలో తేలతాం. మొదటి సొరంగంలోకి వెళ్లగానే అమ్మ "ఇదేనా?" అంది. కాదని చెప్పాం. రెండోదానిలో మళ్లీ అడిగింది. లైట్లు, రెండు వరుసల రోడ్డు, పక్కనుంచి లారీలు. ఇంత వెలుతురుంటే బాయి ఎట్లవుతుందని తనే తేల్చుకుంది. టోల్ ఉంది, చూసుకోండి. బెక్లీకి 44వ ఎగ్జిట్.

గని ఊళ్లోనే, న్యూ రివర్ పార్కులో ఉంది. చుట్టూ పచ్చిక, పిల్లలు ఆడుకునే చోటు. నాకు తెలిసిన బొగ్గు ఊరు ఇలా ఉండదు కాబట్టి మొదట్లో కొంచెం అనుమానపడ్డాను, పిల్లల రైలు లాంటిదేమో అని. కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో తవ్విన అసలైన గనే ఇది. బొగ్గు తీయడం ఆగిపోయాక నగరం వాళ్లు తీసుకుని 1962లో సందర్శకులకి తెరిచారు. లోపల దాదాపు 1,500 అడుగుల దారిలో తిప్పుతారు. మనల్ని తీసుకెళ్లేవాళ్లు ఇదివరకు గనుల్లో పనిచేసినవాళ్లే. ఈ గని విలువంతా ఈ మాటలోనే ఉందని నా లెక్క. చదివి నేర్చుకుని చెప్పే గైడుకీ, ముప్పై ఏళ్లు కప్పు కింద కూర్చుని అన్నం తిన్నవాడికీ చాలా తేడా ఉంటుంది.

అమ్మకి మోకాళ్ల నొప్పులు. మా ఊళ్లో ఇంక్లైన్ అంటే మెట్లు, వాలు, వందల అడుగుల దిగుడు. అది తలుచుకుని చాలా భయపడ్డాను. తీరా చూస్తే ఇక్కడ దిగేదే లేదు. కొండ పక్కన తలుపు తీసినట్టుంది, పట్టాల మీద బండి నేరుగా లోపలికి వెళ్తుంది. దీనికి కారణం ఉంది. మన గోదావరి లోయలో బొగ్గు పొరలు వాలుగా భూమి లోపలికి దిగుతూ పోతాయి, వాటితోపాటు మనుషులూ దిగాలి. ఇక్కడ అపలాచియన్ కొండల్లో పొరలు చాలాచోట్ల పడుకున్నట్టు చదునుగా ఉంటాయి. నదులు కొండల్ని కోసుకుంటూ పోయాక ఆ పొరల అంచులు కొండ పక్కన బయటపడ్డాయి. బొగ్గు కనబడ్డచోట అడ్డంగా తవ్వుకుంటూ పోతే అదే గని. ఇదంతా నేను అమ్మకి చెప్పబోతే ఆపి, "మన ఇల్లందు కూడా బొగ్గుట్టే గదా, అదెందుకు లోపలికుండె?" అంది. నిజమే, మా ఊరి పాత పేరే బొగ్గుట్ట. 1871లో జియలాజికల్ సర్వే ఉద్యోగి విలియం కింగ్ మా దగ్గరే బొగ్గు ఉందని గుర్తించాడు. ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. తర్వాత గైడుని అడగమంది. అడగలేదు, సిగ్గేసింది.

బండిలో అందరూ బెంచీల మీద కూర్చోవాలి, నడక లేదు. ఒక్కోచోట ఆపి గైడు దిగి చెప్తాడు. మాకొచ్చినాయన బాగా పెద్దాయన, పొడుగు. లోపల కొంచెం వంగే నడిచాడు. కప్పు తగలకపోయినా వంగాడు. అమ్మ నా మోచేతిని పొడిచి చూపించింది. నాన్న కూడా ఇంట్లో గుమ్మాల దగ్గర అలాగే వంగేవాడు. నాన్న ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు.

లోపలికి వెళ్లగానే చల్లగా కొట్టింది. ఏడాది పొడుగునా 58 డిగ్రీల ఫారన్‌హీటే, అంటే మన లెక్కలో 14. స్వెటర్ ఉన్నా అమ్మ కొంగు చుట్టుకుంది. చుట్టుకుని అయోమయంగా నా వైపు చూసింది. "ఇంత సల్లగుంటదా? మీ నాయిన చెమటతోని తడిసి వచ్చెటోడు గదా. బనీను పిండితే నీళ్లు కారేటివి." ఒక్క నిమిషం, నాన్న ఇన్నేళ్లూ అబద్ధం చెప్పాడా అన్నట్టుంది ఆవిడ మొహం. మన బాయిలు వేరు అమ్మా, లోతు ఎక్కువ, ఉక్కపోత ఎక్కువ అని నెమ్మదిగా చెప్పాను. చెప్పాక గానీ తేరుకోలేదు. మన గనుల ఊళ్ల నుంచి పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్లండి. మేం చెప్పలేదు.

ఆ రోజుల్లో ఇక్కడ పని ఎలా జరిగేదో గైడు చూపిస్తాడు. బొగ్గు పొర సన్నం. నడుము ఎత్తుకి కూడా రానిచోట్ల మనిషి ఒక పక్కకి పడుకుని తవ్వేవాడు. ఛాతీకి ఆనించి చేత్తో తిప్పే బరమాతో కన్నం వేసి, మందు కూరి, పేల్చి, కూలిన బొగ్గుని పారతో బండికెత్తాలి. కూలీ రోజుకి కాదు, ఎత్తిన టన్నులకి. బొగ్గులో రాయి కలిస్తే కోత. కప్పు నిలబెట్టే కర్ర దుంగలు పాతుకున్న సమయానికి డబ్బు లేదు. కాబట్టి ఎవరు మాత్రం దుంగలు పాతుకుంటూ కూర్చుంటారు? ఇంత సూటిగా ఆయన చెప్పలేదు, లెక్క మాత్రం అదే. మన దగ్గర తట్టా చెమ్మసు పని, అంటే తట్టతో, పారతో బొగ్గు ఎత్తే పని కూడా ఇంతే కష్టమైనా, పొరలు మందం కాబట్టి నిలబడి చేసేవాళ్లు. "పడుకోనా? పడుకోని పారతోనా?" అని అమ్మ రెండుసార్లు అడిగింది. ఆ తర్వాత నుంచి ఆయన్ని కొంచెం మర్యాదగా చూడటం మొదలుపెట్టింది.

మంట దీపం చూపించినప్పుడు నేను అనువదించే అవసరం రాలేదు. గాలి చెడితే మంట చిన్నదై ఆరిపోతుంది, గ్యాసుంటే మంట చుట్టూ నీలం పాగా చుట్టుకుంటుంది. "సర్దార్ బత్తి" అంది అమ్మ. సర్దార్ అంటే బాయిలో గ్యాసు, కప్పు చూసి పని చేయించే ఆయన. మా లైన్లో మూడో క్వార్టర్ సర్దార్‌ది, ఆయన చేతిలో అలాంటిది చూసిందట. పిట్టల గురించి చెబితే మాత్రం నమ్మలేదు. విషవాయువు వస్తే మనిషి కంటే ముందు పిట్ట పడిపోతుందని గూట్లో పెట్టి తీసుకెళ్లేవాళ్లని చెప్పాను. "పాపం గాదా" అంది. పిట్ట గురించే అంది.

గైడు ఇనుప కడ్డీ తీసుకుని కప్పుని టకటక కొట్టాడు. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది. పొర విడిపోయి వేలాడుతున్నచోట డొల్లగా, డప్పు కొట్టినట్టు వస్తుంది. ఆ తేడా చెవికి పట్టనివాడు ఎక్కువ కాలం బతకడు. ఆయన అలా కొడుతుంటే మావాడు ఉన్నట్టుండి గట్టిగా, "తాత మనింట్లో కొట్టాడు!" అన్నాడు. బండిలో అందరూ తిరిగి చూశారు. అవును. ఆరేళ్ల కిందట నాన్న మా దగ్గరికి వచ్చినప్పుడు, కొత్త ఇల్లు చూపిస్తుంటే చీపురు కర్ర తీసుకుని ప్రతి గది కప్పూ కొట్టుకుంటూ వెళ్లాడు. మేం నవ్వుకున్నాం. మా ఆయన వీడియో కూడా తీశాడు. అమెరికా ఇళ్లకి కప్పు జిప్సం బోర్డే, ఎక్కడ కొట్టినా డొల్లగానే మోగుతుంది. ఆ రాత్రి నాన్న హాల్లో సోఫా మీద పడుకున్నాడు, గదిలోకి రానన్నాడు. ఎందుకో అప్పుడు ఎవరికీ అర్థం కాలేదు.

తర్వాత లైట్లు తీసేశారు.

చీకటి అంటే ఏమిటో మనకి తెలుసనుకుంటాం. కరెంటు పోయిన గదిలో కూడా కాసేపటికి ఏదో కనబడుతుంది. ఇక్కడ కళ్లు తెరిచినా మూసినా ఒకటే. చెయ్యి కళ్ల ముందు పెట్టుకున్నా లేదు. ఎక్కడో నీటి బొట్లు పడుతున్న చప్పుడు, జనం ఊపిరి. మావాడు నా జాకెట్ పట్టుకున్నాడు. అమ్మ చెయ్యి నా చేతిలోనే ఉంది. అది వదిలించుకుంది. ఆ చీకట్లో, మెల్లగా, ఒక్కసారి, "ఇగో" అంది.

మా అమ్మ నాన్నని పేరు పెట్టి పిలవలేదు. ఆ కాలం వాళ్లు ఎవరు పిలిచారు గనక. అన్నానికి రమ్మన్నా, గొడవ పడ్డా, షిఫ్ట్ టైమైందని లేపినా ఆ ఒక్క మాటే.

లైట్లు వచ్చాయి. గైడు ఏదో జోకు వేశాడు, జనం నవ్వారు. బండి కదిలింది.

మొత్తం ముప్పై, నలభై నిమిషాలు. ఇంత దూరం వచ్చి ఇంతేనా అనిపించేవాళ్లుంటారు. మా ఆయన అదే అన్నాడు. నాకైతే ఇంకో పది నిమిషాలుంటే తట్టుకోలేకపోయేదాన్ని. అమ్మకి చాలలేదు. బండి దిగాక గైడు దగ్గరికి నేరుగా నడిచింది. చేతిసంచీలోంచి జేబురుమాలు మూట తీసి విప్పింది. లోపల నాన్న ఇత్తడి బిళ్ల. ల్యాంప్ రూములో ఇచ్చి బత్తి తీసుకునే టోకెన్. అది అమ్మ సంచీలో ఇల్లందు నుంచి షార్లెట్ దాకా వచ్చిందని నాకు తెలీదు. రిటైరయ్యేటప్పుడు అప్పగించాల్సిన బిళ్ల నాన్న దగ్గర ఎలా మిగిలిందో కూడా తెలీదు, ఇప్పుడు అడగడానికీ లేదు.

ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని వేలితో రుద్దాడు. నంబరు పైకి చదివాడు. తర్వాత తన నంబరు చెప్పాడు, ఎవరూ అడగకుండానే. ఇక్కడా అంతే, లోపల ఎవరున్నారో, ఎవరు బయటికి రాలేదో బిళ్లల్ని బట్టే లెక్క. ఆయన మాట కొండ యాస, నాకే సగం అర్థం కాలేదు. అమ్మకి ఏం అర్థమైందో గానీ తల ఊపుతూనే ఉంది. తర్వాత నాతో అంది, "ఇంటికాడ భార్యకు ఏం చెప్పెటోడో అడుగు."

అడిగాను. ఆయన నవ్వి, ఏమీ చెప్పేవాణ్ణి కాదన్నాడు. చెబితే మర్నాడు పంపేది కాదు కదా.

అమ్మకి తెలుగులో చెప్పాను. "గదే అనుకున్న" అంది.

పైన కూడా చూడాల్సినవి చాలా ఉన్నాయి, అదే టికెట్ మీద. ఇక్కడి గని ఊళ్ల నుంచి తెచ్చి నిలబెట్టిన చర్చి, బడి, కార్మికుడి ఇల్లు, సూపరింటెండెంట్ ఇల్లు. కార్మికుడిది చెక్కలతో కట్టిన చిన్న ఇల్లు. సూపరింటెండెంట్‌ది మూడంతస్తులు. అమ్మ మూడంతస్తుల దాన్ని గుమ్మంలోంచే చూసి వచ్చేసింది. "జీఎం బంగ్లా అన్నట్టు." చిన్న ఇంట్లో మాత్రం పొయ్యి దగ్గర చాలాసేపు నిలబడింది. మ్యూజియంలో కార్మికుల అన్నం డబ్బాలున్నాయి, గుండ్రటి అల్యూమినియంవి. కింది అరలో నీళ్లు, పై అరలో తిండి. నాన్న క్యారియర్‌లో నీళ్లుండేవి కావు, విడిగా సీసాలో తీసుకెళ్లేవాడు. నీళ్లు కింద ఎందుకని మావాడు అడిగితే, నేను తడుముకుంటుండగా అమ్మే చెప్పింది: "బయటికి రాకపోతే తాగనీకి."

కంపెనీ సొంతంగా కొట్టించిన నాణేలు కూడా చూడండి. స్క్రిప్ అంటారు. కూలీ డాలర్లలో కాకుండా వాటిలో ఇచ్చేవాళ్లు, అవి కంపెనీ దుకాణంలోనే చెల్లేవి. అక్కడ ధరలు కంపెనీ ఇష్టం. అమ్మ సింగరేణి వాళ్ల కొట్టు తలుచుకుని "మన సూపర్ బజార్ లెక్కనా?" అంటే, కాదమ్మా, మన దగ్గర జీతం అసలు రూపాయల్లోనే ఇచ్చేవాళ్లు కదా, కావాలంటే బయట కొనుక్కునేవాళ్లం అని చెప్పాల్సి వచ్చింది. ఇక్కడివాళ్లకి ఆ దారి లేదు. ఇల్లు కంపెనీది, కొట్టు కంపెనీది, డాక్టరూ కంపెనీ మనిషే. ఈ కొండల్లో 1920లో మేట్‌వాన్‌లో కాల్పులు జరిగాయంటే, 1921లో బ్లెయిర్ కొండ మీద వేలమంది కార్మికులు తుపాకులు పట్టారంటే ఇదే నేపథ్యం. మేట్‌వాన్‌లో దాని మీద ప్రత్యేకంగా మ్యూజియం ఉంది. మేం వెళ్లలేదు, అమ్మకి ఓపిక లేదు.

బహుమతుల దుకాణంలో బొగ్గుతో చేసిన బొమ్మలు అమ్ముతారు. అమ్మ ఒక ఎలుగుబంటిని తిప్పి ధర చూసి, "బొగ్గు కొంటరా ఎవలన్న" అని అక్కడే పెట్టేసింది. మావాడు మాత్రం కొన్నాడు.

రాత్రి బెక్లీలో ఉన్నాం. హోటల్ పేరు చెప్పను. పొగ తాగని గది అడిగితే ఇచ్చిన గదిలో సిగరెట్ వాసన, దుప్పటికి ముక్కిపోయిన వాసన, మార్చమంటే గదులు లేవన్నారు. బెక్లీలో పడుకోవాలనుకుంటే నాలుగు రివ్యూలు చదివి బుక్ చేసుకోండి. మేం తొందరపడ్డాం.

మర్నాడు నేరుగా ఇంటికి రావాల్సింది. అమ్మే, "ఈడ కూడా సచ్చిపోయిన్రా ఎవలన్న?" అనడిగింది. గంట లోపు దూరంలో వైట్స్‌విల్ అనే చిన్న ఊరుంది. దాని దగ్గర అప్పర్ బిగ్ బ్రాంచ్ గనిలో 2010 ఏప్రిల్ 5న పేలుడు జరిగి 29 మంది చనిపోయారు. గ్యాసు అంటుకుని, బొగ్గు దుమ్ముకి పాకి, లోపల మైళ్ల కొద్దీ వ్యాపించింది. దుమ్ము మీద సున్నపురాయి పొడి చల్లడం, గాలి సరిగా ఆడించడం లాంటి మామూలు జాగ్రత్తలు తీసుకోలేదని విచారణల్లో తేలింది. ఆ కంపెనీ పెద్ద డాన్ బ్లాంకెన్‌షిప్‌కి, భద్రతా నియమాల్ని కావాలని ఉల్లంఘించే కుట్ర చేశాడని నిరూపణై, ఏడాది జైలు పడింది. 29 ప్రాణాలకి ఏడాది. నేను లెక్క చెప్పానంతే.

వైట్స్‌విల్‌లో రోడ్డు పక్కనే నల్లరాతి గోడ ఉంది, దాని మీద 29 మంది నిలువెత్తు నీడబొమ్మలు. మొహాలు లేవు. భుజాల మీద చేతులేసుకుని వరుసగా నిలబడ్డట్టున్నారు. రాయి ఎంత నున్నగా ఉందంటే ముందు నిలబడితే మన మొహం వాళ్లలో కనబడుతుంది. అమ్మ ఒక్కొక్క బొమ్మనీ ముట్టుకుంటూ చివరిదాకా నడిచింది. ఇంకొకావిడ అక్కడ పూలు సర్దుతోంది, అమ్మ వయసే ఉంటుంది. చీర, బొట్టు లేని నుదురు చూసిందో ఏమో, తన ఉంగరం వేలు చూపించి అమ్మ వైపు చూసింది. అమ్మ అవునన్నట్టు తలాడించింది. ఆవిడ పూలలోంచి ఒకటి తీసి ఇచ్చింది. అంతే, ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. నేను అనువదించడానికి దగ్గరికి వెళ్లబోతే మా ఆయన నా భుజం పట్టుకుని ఆపాడు.

ఆ దారి పొడుగునా మూతపడ్డ కొట్లు, అద్దాలు పగిలిన ఇళ్లు. 1940లలో ఈ రాష్ట్రంలో లక్షమందికి పైగా బొగ్గు పని చేసేవాళ్లు, ఇప్పుడు అందులో పదోవంతు చుట్టుపక్కల. మందుబిళ్లల పీడ ఇంకోవైపు. కెర్మిట్ అని నాలుగొందలమంది జనాభా ఉన్న ఊళ్లో ఒక్క మందుల షాపుకి రెండేళ్లలో దాదాపు 90 లక్షల నొప్పి బిళ్లలు వచ్చాయని ఇక్కడి పత్రిక బయటపెట్టింది. ఇవన్నీ అమ్మకి చెప్పలేదు. చెప్పకపోయినా కిటికీలోంచి చూస్తూ, "మన ఇల్లందు కూడా గిట్లనే అయితాంది" అంది. సింగరేణిలో 1990ల మొదట్లో లక్షకి పైగా ఉండే కార్మికులు ఇప్పుడు నలభై వేల చిల్లర. మా లైన్లో సగం క్వార్టర్లకి తలుపుల్లేవు.

వెళ్లాలనుకునేవాళ్లకి: గని ఏప్రిల్ నుంచి నవంబర్ మొదటి దాకానే తెరిచి ఉంటుంది, చలికాలం మూత. ఎండాకాలమైనా స్వెటర్ తీసుకెళ్లండి. పిల్లలకి చీకటి సంగతి ముందే చెప్పండి. ఈ కొండల్లో పెప్పరోని రోల్ అని రొట్టె లోపల మాంసం పెట్టి కాల్చింది ప్రతిచోటా దొరుకుతుంది. పళ్లెం, చెంచా లేకుండా లోపల తినడానికి వీలుగా గని కార్మికుల కోసం పుట్టిన తిండి అది. పందిమాంసం, గొడ్డుమాంసం తినని పెద్దవాళ్లుంటే పులిహోర కట్టుకోవడమే మేలు.

ఇంటికి వచ్చిన రాత్రి అమ్మ తమ్ముడికి ఫోన్ చేసింది. హైదరాబాద్‌లో పొద్దున. స్పీకర్లో పెట్టి, వంటింట్లో బెండకాయలు తరుగుతూ మాట్లాడింది. నాన్న పోయాక వాళ్లిద్దరూ రెండు నిమిషాలకి మించి మాట్లాడుకోవడం నేను వినలేదు. ఆ రోజు నలభై నిమిషాలు. బరమా, పిట్ట, సర్దార్ బత్తి, పడుకుని పారతో ఎత్తడం, అన్నం డబ్బాలో నీళ్లు, అన్నీ వరుసగా చెప్పింది. నేను ఒకచోట సరిచేయబోతే "నువ్వుండు" అంది. చీకట్లో ఏమైందో చెప్పలేదు.

తమ్ముడు నమ్మలేక, "నిజంగ బాయి దిగినవానే అమ్మా?" అన్నాడు.

"దిగుడు లేదురా," అంది అమ్మ, కత్తిపీట పక్కకి జరిపి. "పక్కకెల్లి లోపటికి పోవుడే. గుట్టల బాయి గట్లనే ఉంటది."